షైలాక్‌కి మార్వాడీ తలపాగా పెట్టకండి

పోయిన సంచికలో ఒకరు అడిగితే షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద విజయవాడ నుంచీ గుంటూరు నుంచీ చాలా ఉత్తరాలు వచ్చాయి, అందుకని ఈసారి శీర్షికంతా దానికే. నాటకం చదవనివాళ్ళ కోసం ముందు కథ చెప్పేస్తాను. వెనిస్‌లో ఆంటోనియో పెద్ద వ్యాపారి, అతని సొమ్మంతా ఓడల్లో సముద్రం మీద ఉంది. అతని ప్రాణస్నేహితుడు బస్సానియోకి బెల్మాంట్‌లో ఉండే పోర్షియా అనే ఆస్తిపరురాలిని పెళ్ళి చేసుకోవాలని ఉంది, చేతిలో డబ్బు లేదు. అతని కోసం ఆంటోనియో, షైలాక్ అనే యూదు వడ్డీవ్యాపారి దగ్గర మూడు నెలల గడువుకి 3,000 డకట్లు (అప్పటి బంగారు నాణేలు) అప్పు తీసుకుంటాడు. గడువు దాటితే తన ఒంట్లోంచి ఒక పౌను మాంసం ఇస్తానని పత్రం రాస్తాడు. పోర్షియా తండ్రి చనిపోతూ బంగారం, వెండి, సీసం పెట్టెలు మూడు పెట్టి, కూతురి బొమ్మ ఉన్న పెట్టె ఎవరు ఎంచుకుంటే వాళ్ళకే ఆమెనివ్వాలని షరతు పెట్టి పోయాడు. బస్సానియో సీసం పెట్టె తెరిచి గెలుస్తాడు. ఈలోగా షైలాక్ కూతురు జెస్సికా, లొరెంజో అనే క్రైస్తవ యువకుడితో లేచిపోతుంది. ఆంటోనియో ఓడలు మునిగాయని కబురు రాగానే షైలాక్ కోర్టుకెక్కుతాడు. పోర్షియా మగవేషంలో న్యాయపండితుడిగా వచ్చి, మాంసం కోసుకో, కానీ పత్రంలో రక్తం మాట లేదు కాబట్టి ఒక్క బొట్టు కారినా ఊరుకోను అని కేసు తిప్పేస్తుంది. షైలాక్ ఆస్తి పోతుంది, క్రైస్తవుడిగా మారాలని కూడా తీర్పు. తర్వాత ఉంగరాల సరదా, జంటలు కలవడం, కథ కంచికి.

ఇక ఉత్తరాలు.

ప్రశ్న (కాలేజీ విద్యార్థి, విజయవాడ): మా కాలేజీ వార్షికోత్సవానికి ఈ నాటకం తెలుగులో వేస్తున్నాం సార్. వెనిస్ అంటే జనానికి ఎక్కదని కథని మన వన్‌టౌన్‌కి మార్చాం. షైలాక్‌ని మార్వాడీ సేటుగా వేయిద్దామని మా డైరెక్టర్ అంటున్నాడు. ముస్లిం వడ్డీవ్యాపారి అయితే ఇంకా బాగా పేలుతుందని ఇంకో ఫ్రెండ్. రిహార్సల్‌లో ఆ యాసకే అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఏది పెట్టమంటారు?

జవాబు: ఏదీ పెట్టొద్దు నాయనా. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు, మీ డైరెక్టర్‌కి కూడా చదివి వినిపించు.

షేక్‌స్పియర్ ఈ నాటకం రాసింది 1596–97 ప్రాంతంలో. ఇంగ్లాండు రాజు ఒకటో ఎడ్వర్డ్ 1290లోనే యూదులందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు, అంటే అప్పటికి మూడు వందల ఏళ్ళుగా ‘నేను యూదుణ్ణి’ అని బాహాటంగా చెప్పుకుని బతికే మనిషి అక్కడ లేడు. లండన్‌లో షైలాక్‌ని చూసి నవ్వినవాళ్ళలో చాలామంది యూదు ఇంటి గడప తొక్కి ఉండరు. మరి ఆ ఊళ్ళో వడ్డీలకి తిప్పిందెవరు? క్రైస్తవులే. 1571లో వచ్చిన చట్టం నూటికి పది దాకా వడ్డీని సహించింది కూడా. అంతెందుకు, షేక్‌స్పియర్ తండ్రి జాన్ మీదే 1570లో అక్రమ వడ్డీ అభియోగం నమోదైంది. తమ ఇళ్ళల్లో జరిగే పనిని, దేశంలోనే లేని ఒక మనిషి నెత్తిన రుద్ది హాయిగా నవ్వుకున్నారు. మీరు చేయబోయేది దానికన్నా ఘోరమైన పని, ఎందుకంటే మీరు వెక్కిరించబోయే మనిషి ఊళ్ళోనే ఉన్నాడు. వాళ్ళబ్బాయి మీ క్లాసులోనే ఉండొచ్చు. వాళ్ళమ్మా నాన్నా కొడుకు డాన్స్ చూడ్డానికి వచ్చి మూడో వరసలో కూర్చుని, తమ యాసకి హాలంతా ఈలలేస్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చప్పట్లు కొడతారు. అది నేను చూడలేను.

పైగా విజయవాడ వాళ్ళం మనం ఈ మాట అనొచ్చా? 2015 డిసెంబర్‌లో కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు ఈ ఊళ్ళో ఏం జరిగిందో మీ అమ్మానాన్నల్ని అడుగు. అప్పు తీర్చలేని ఆడవాళ్ళని ఎలా వేధించారో పేపర్లన్నీ రాశాయి. అందులో దొరికినవాళ్ళు ఎక్కడినుంచో వచ్చిన సేట్లు కారు, మన మధ్య తిరిగేవాళ్ళే. వడ్డీకి కులం లేదు, మతం లేదు. ముస్లిం అయితే పేలుతుందన్న అబ్బాయికి కూడా ఒక మాట చెప్పు: ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం, ఆ వేషం పాత్రకి అతకనే అతకదు. అతకకపోయినా పేలుతుందని అతనికి గట్టి నమ్మకం ఉందంటే, పేలేది పాత్ర కాదు, ఆ టోపీ అని అర్థం. మీరు నాటకం వేస్తున్నారా, టోపీని వెక్కిరిస్తున్నారా, ముందు అది తేల్చుకోండి.

వెనిస్‌ని వెనిస్‌గానే ఉంచండి. హరిశ్చంద్రుడి కాశీని చూడని జనం కూడా కాటిసీను చూసి ఏడుస్తారు, దూరం ఏమీ అడ్డం రాదు. మొదటి అంకంలో అప్పు అడిగే సీను జాగ్రత్తగా చేయండి. అక్కడ షైలాక్ అంటాడు: నన్ను కుక్కా అన్నావు, నా గడ్డం మీద ఉమ్మేశావు, ఇవాళ డబ్బు కావాలని వచ్చావా అని. దానికి మన ‘మంచివాడు’ ఆంటోనియో ఏమంటాడో చూడు. అవును, మళ్ళీ అలాగే పిలుస్తాను, మళ్ళీ ఉమ్మేస్తాను, నీ శత్రువుకి ఇస్తున్నాననుకుని ఇయ్యి అంటాడు. అప్పుకోసం వచ్చినవాడి నోట ఆ మాట! ఆ డైలాగు తీసేస్తే నాటకం సగం అబద్ధమైపోతుంది. ఆంటోనియో వేసే కుర్రాడికి చెప్పు, కోపంగా అనొద్దు, మామూలుగా, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా అనమను. అప్పుడు జనానికి తగులుతుంది.

ఇంకోటి. ‘యూదుడికి కళ్ళు లేవా, చేతులు లేవా, గుచ్చితే నెత్తురు రాదా’ అన్న ప్రసంగాన్ని అందరూ సగంలో ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటారు. మీరు ఆపకండి. అది మానవత్వం మీద ఉపన్యాసంగా మొదలై, అన్నిటిలో మీలాంటివాణ్ణే అయితే పగలో మాత్రం మీలాంటివాణ్ణి కానా, మీరు నేర్పిన దుర్మార్గాన్నే మీకన్నా బాగా చేసి చూపిస్తాను అని ముగుస్తుంది. షైలాక్ సాధువు కాడు. కోర్టులో ఆ మనిషి తన బూటు అడుగున కత్తి నూరుకుంటాడు. అతన్ని రాక్షసుణ్ణీ చేయొద్దు, దేవుణ్ణీ చేయొద్దు, చివర మతం మార్పించే తీర్పుని కత్తిరించొద్దు.

ప్రశ్న (ఇంటర్ విద్యార్థిని, అమరావతి రోడ్డు, గుంటూరు): పోర్షియా నా రోల్ మోడల్. లా చదవాలని ఆమె వల్లే అనుకున్నాను. మీరేమంటారు?

జవాబు: లా తప్పకుండా చదువు తల్లీ. ఆడపిల్లకి పెట్టె తెరిచినవాణ్ణి చేసుకోవడం తప్ప ఇంకో దారి లేని లోకంలో, వేషం మార్చుకుని వెళ్ళి మొత్తం కోర్టుని ముక్కు మీద వేలేసుకునేలా చేసింది పోర్షియా. ఆ ధైర్యం నీకూ రావాలి. కానీ రెండో అంకం మళ్ళీ చదువు. మొరాకో యువరాజు వచ్చి, నా ఒంటిరంగు చూసి నన్ను కాదనకు అని మర్యాదగా అడుగుతాడు. ఎదురుగా ఆమె కూడా మర్యాదగానే మాట్లాడుతుంది. అతను బంగారుపెట్టె తెరిచి, పుర్రె చూసుకుని, తలొంచుకుని వెళ్ళిపోగానే, ఆ రంగువాళ్ళందరూ ఇలాగే ఎంచుకుందురు గాక అంటుంది. దయ గురించి లోకం మొత్తం కంఠస్థం చేసిన ప్రసంగం చెప్పింది కూడా ఈ నోరే. ‘తెల్లగా ఉండే వధువు కావలెను’ అని మన పెళ్ళి ప్రకటనల్లో రాసేవాళ్ళు కూడా చాలావరకు మంచివాళ్ళే కదా. నీ రోల్ మోడల్‌ని మార్చుకోవక్కర్లేదు, ఆ వాక్యం దగ్గర మాత్రం ఆమెతో పోట్లాడు.

ప్రశ్న (రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు): నేను చాలా ఏళ్ళు ఈ నాటకం పాఠం చెప్పాను. పెట్టెల సీను, కోర్టు సీను, ఉంగరాల సీను, పిల్లలు కడుపుబ్బ నవ్వేవారు. ఇప్పుడు ఎవర్ని చూసినా మతద్వేషం, మతద్వేషం అంటూ హాస్యనాటకాన్ని శవపంచాయితీ చేస్తున్నారు. అసలు మన ప్రాంతంలో యూదులే లేరు, మనకెందుకండీ ఈ గొడవ?

జవాబు: నమస్కారం మాస్టారూ. ముందు ఆఖరి మాట దగ్గరికి వస్తాను. ఉన్నారండీ. మీ బ్రాడీపేట నుంచి ఎంతో దూరం కూడా లేదు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజం ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, సబ్బాతు పాటిస్తారు, వాళ్ళకో చిన్న సినగాగ్ (ప్రార్థనామందిరం) ఉంది. వాళ్ళ పిల్ల ఎవరైనా గుంటూరు వచ్చి మన కాలేజీల్లో చేరి ఈ పాఠం వింటే, ‘యూదుడు’ అనగానే క్లాసంతా నవ్వితే, ఆ పిల్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. వాళ్ళు లేకపోయినా నా జవాబు మారదు గానీ, ‘ఇక్కడ లేరు’ అన్న ధీమాతోనే లండన్ కూడా నవ్విందని పైన ఆ కుర్రాడికి రాశాను.

హాస్యనాటకం అన్నది నిజమే. షేక్‌స్పియర్ నాటకాలు కలిపి అచ్చేసిన 1623 సంపుటంలో దీన్ని కామెడీల్లోనే చేర్చారు. కానీ 1600లో అచ్చయిన మొదటి పుస్తకం ముఖపత్రం మీదే ‘షైలాక్ అనే యూదుడి ఘోర క్రూరత్వం’ అని వేసి అమ్ముకున్నారు, కాబట్టి మతాన్ని ఇందులోకి ఇవాళ్టివాళ్ళు తెచ్చారనడం సరికాదు. దానికి కొన్నేళ్ళ ముందు, 1594లో, ఎలిజబెత్ రాణి వైద్యుడు రోడ్రిగో లోపెజ్‌ని, యూదు పుట్టుక ఉన్న పోర్చుగీసు మనిషిని, రాణికి విషం పెట్టబోయాడని నేరం మోపి లండన్‌లో చంపారు. జనం చూడ్డానికి ఎగబడ్డారు. ఆ వేడి చల్లారకముందే వచ్చిన నాటకం ఇది. ఇక కథ జరిగే వెనిస్‌లో అయితే 1516 నుంచి యూదులని ఘెట్టో అనే పేటలో పెట్టి రాత్రిపూట గేట్లకి తాళాలు వేసేవాళ్ళు, వాళ్ళని గుర్తుపట్టడానికి వేరే రంగు టోపీలు. చాలా వృత్తులు వాళ్ళకి మూసేసి, వడ్డీకిచ్చే పని వదిలిపెట్టి, ఆ పని చేస్తున్నారని అసహ్యించుకున్నారు. ఈ నాలుగు సంగతులూ క్లాసులో చెబితే పిల్లల నవ్వేమీ పోదండీ, ఎక్కడ నవ్వాలో ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

నటులు కూడా ఇది కొత్తగా కనిపెట్టలేదు. 1741లో చార్లెస్ మాక్లిన్ వచ్చేదాకా లండన్‌లో షైలాక్ అంటే నవ్వించే వేషం. మాక్లిన్ దాన్ని భయపెట్టే పాత్ర చేశాడు, 1814లో ఎడ్మండ్ కీన్ అతనిలో బాధ చూపించాడు, 1879లో హెన్రీ ఇర్వింగ్ ఏకంగా అవమానపడ్డ పెద్దమనిషిని చేసి నిలబెట్టాడు. అదే నాటకాన్ని 1943లో నాజీల కింద ఉన్న వియన్నాలో, యూదులని చంపుతున్న రోజుల్లో, ద్వేషం పెంచడానికి వేశారు. మాటలు అవే మాస్టారూ, ఎవరు ఎందుకు పలికిస్తున్నారన్నదే తేడా. మీరు పలికించింది మంచి మనసుతోనే, అందులో నాకు అనుమానం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న (గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ): మా ఆయన స్నేహితుడి అప్పుకి షూరిటీ సంతకం పెట్టారు, నాకు చెప్పలేదు. ఇప్పుడు అతను వాయిదాలు ఎగ్గొట్టి ఫోన్ ఎత్తట్లేదు, ఫైనాన్స్ వాళ్ళు మా గుమ్మంలో కూర్చుంటున్నారు. రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. గట్టిగా అడిగితే, స్నేహం కోసం ఆంటోనియో ప్రాణమే ఇవ్వబోయాడు, నేను సంతకం పెడితే తప్పా అని మీ పోయిన సంచిక చూపిస్తున్నారు. నా నగలు తాకట్టు పెడదామంటున్నారు. ఏం చెయ్యను?

జవాబు: అమ్మా, మీ ఆయనకి నా మాటగా చెప్పండి: ఆంటోనియోకి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. అతను పణంగా పెట్టింది తన ఒళ్ళు. మీ ఆయన పెట్టింది మీ మెడలో గొలుసు.

మీ ఇంటి సంగతికి దగ్గరగా ఉండేది బస్సానియో. కోర్టులో, పక్కనే వేషంలో ఉన్నది తన భార్యేనని తెలీక, నా ప్రాణం, నా భార్య, ఈ లోకం మొత్తం ఇచ్చేసైనా ఆంటోనియోని విడిపిస్తాను అంటాడు. మీ ఆవిడ ఇక్కడుండి వింటే సంతోషించదు సుమా అంటుంది పోర్షియా. ఆ కోర్టులో షైలాక్ ఒక మాట గొణుగుతాడు, ‘వీళ్ళండీ మొగుళ్ళు’ అన్నట్టు, ఆ ఒక్క చోట నేను పూర్తిగా అతని పక్షం. పెళ్ళినాడు పోర్షియా ఉంగరం తొడిగి, ఇది తీసినా పోగొట్టుకున్నా నీ ప్రేమ పోయినట్టే అని చెప్తుంది, వేలికున్నంతకాలం ప్రాణం ఉన్నట్టే అని అతను ఒట్టేస్తాడు. కేసు గెలిచిన ‘లాయరు’ ఫీజుగా ఆ ఉంగరమే అడిగితే మొదట ఇవ్వనంటాడు, నిజమే. ఆంటోనియో వచ్చి, నీ భార్య ఆజ్ఞ పక్కన నా స్నేహాన్ని కూడా తూచి చూడు అనగానే వెనకాలే మనిషిని పరిగెత్తించి పంపిస్తాడు.

అయిదో అంకంలో పోర్షియా అతన్ని చెడామడా దులిపేస్తుంది, సరదాగానే అయినా వదిలిపెట్టదు. అప్పుడు ఆంటోనియో మధ్యలోకొచ్చి, ఒకసారి నా శరీరాన్ని హామీ పెట్టాను, ఈసారి నా ఆత్మని హామీ పెడతాను, ఇతను ఇంక మాట తప్పడు అంటాడు. అయితే నువ్వే ఇతనికి జామీను, ఈ ఉంగరం నీ చేత్తోనే ఇయ్యి అంటుంది ఆవిడ. చూశారా, స్నేహితుణ్ణి తీసెయ్యమనలేదు. స్నేహితుణ్ణి తన ఎదుట నిలబెట్టి, లెక్క తనకి చెప్పేలా చేసుకుంది. మీరూ అదే చేయండి. ఆ స్నేహితుణ్ణి, అతని భార్యని, మీ ఆయన్ని ఒకచోట కూర్చోబెట్టి మీరు మాట్లాడండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం షూరిటీ పెట్టినవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప. ముందు అతన్ని అడిగి రండి అంటే వాళ్ళు వినక్కర్లేదు, నేరుగా మీ ఆయన్నే అడగొచ్చు. అలా కట్టాల్సి వస్తే, కట్టినదంతా ఆ స్నేహితుడి దగ్గర వసూలు చేసుకునే హక్కు మీ ఆయనకి ఉంటుంది, అందుకని ప్రతి రసీదూ దాచండి. గుమ్మంలో కూర్చుని బెదిరించే హక్కు మాత్రం ఎవరికీ లేదు, పోలీసు కంప్లయింట్ ఇవ్వండి. పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు మీ స్త్రీధనం, మీరు ఒప్పుకోకపోతే ఎవరూ తాకట్టు పెట్టలేరు. ఒక లాయరుకి పత్రం చూపించేదాకా ‘ఊఁ’ అనకండి.

ప్రశ్న (డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని, గుంటూరు): మాది క్రైస్తవ కుటుంబం. నేను ప్రేమించిన అబ్బాయి హిందువు, చాలా మంచివాడు. వాళ్ళమ్మగారు ఒప్పుకున్నారు గానీ పేరు మార్చుకోవాలి, చర్చి మానెయ్యాలి, మా వాళ్ళు పండగలకి రాకపోతే మంచిది అంటున్నారు. అతను ‘పైపైకే కదా, అమ్మ సంతోషం కోసం’ అంటాడు. వాళ్ళ ఫ్రెండ్స్ నన్ను మెచ్చుకుంటూ ‘నిన్ను చూస్తే క్రిస్టియన్ అనుకోరు’ అంటారు. మా నాన్న అసలు ఒప్పుకోరు. వెళ్ళిపోయేటప్పుడు అమ్మ నగలు తీసుకురమ్మని ఒక స్నేహితురాలి సలహా. మీరు జెస్సికా గురించి రాసింది చదివాక రెండు రోజులు ఏడ్చాను. ఆమె చేసింది తప్పా? నేను చేస్తే?

జవాబు: తల్లీ, ప్రేమించడం ఆమె తప్పు కాదు, నీదీ కాదు. ఇష్టమైనవాణ్ణి చేసుకోవడానికి ఇల్లు దాటిన పిల్లని నేను ఏ నాటకంలోనూ తిట్టను. షైలాక్ ఇల్లు ఆమెకి నరకంలా ఉందని ఆమే చెప్తుంది, కిటికీలు కూడా మూసి ఉంచమనే తండ్రి. ఆ గాలాడని ఇంట్లో ఉండమని ఎలా అంటాం?

కానీ ఆమెకి తర్వాత ఏం జరిగిందో, నువ్వు గమనించావని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆమె మగపిల్లాడి వేషంలో కిందికి దిగి వస్తుంటే బస్సానియో స్నేహితుడు గ్రాషియానో మెచ్చుకుంటాడు, ఈ పిల్ల ఎంత బాగుంది, యూదురాలు కాదు అన్నట్టు. నీకు అతని ఫ్రెండ్స్ ఇచ్చిన మెప్పు అచ్చం అదే. ఆ మెప్పులో నీ అమ్మానాన్నల మీద తిట్టు దాగి ఉంది. బెల్మాంట్ చేరాక అదే గ్రాషియానో ‘లొరెంజో, అతని అన్యమతస్థురాలు’ అని పరిచయం చేస్తాడు, ఆ కొత్తమనిషిని కాస్త పలకరించమని పోర్షియా చెలికత్తె నెరిస్సాకి పురమాయిస్తాడు. ఇంట్లో పనివాడు లాన్సెలాట్, నువ్వు యూదుడి కూతురివి కాబట్టి నీకు మోక్షం లేదు అంటే, నా భర్త నన్ను క్రైస్తవురాలిని చేశాడు, అదే నన్ను కాపాడుతుంది అని పాపం నవ్వుతూనే జవాబిస్తుంది. ఇలా అందరూ మారితే పందిమాంసం ధర పెరిగిపోతుందని వాడి జోకు. తను వదులుకోగలిగినవన్నీ వదులుకున్నాక కూడా ఆమెని అందరూ ఎక్కడినుంచి వచ్చిందో దాంతోనే పిలుస్తారు. అందులో ఒక్కరు కూడా దుర్మార్గులు కారు. లొరెంజో నిజంగానే ప్రేమించాడు. వాళ్ళ ప్రేమా నిజమే, వాళ్ళ చిన్నచూపూ నిజమే, రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తాయని ఈ నాటకం చూపించినంత స్పష్టంగా ఇంకెక్కడా నేను చూడలేదు. నీ అబ్బాయి మంచివాడని నువ్వంటే నమ్ముతాను. మంచివాడు కాబట్టి ఈ సంగతి అతనికి చెప్పి చూడు. ‘పైపైకే కదా’ అన్నాడు కదా, అంత పైపైదైతే వాళ్ళమ్మగారు ఎందుకంత పట్టుబడుతున్నారో అడుగు. పేరు మార్చుకోమని నువ్వు అతన్ని అడిగితే, పైపైకే అని మార్చుకుంటాడా? అమ్మ దగ్గర నీ తరఫున ఒక్కసారి నోరు విప్పమను. విప్పితే ఆ పెళ్ళికి నా ఆశీస్సులు ముందే అందుకో. విప్పలేనంటే, పెళ్ళయ్యాక ప్రతి పండక్కీ మీ అమ్మని గుమ్మం బయట నిలబెట్టే పని నీ మీద పడుతుంది.

నగల సంగతి. వద్దు. జెస్సికా తండ్రి డబ్బూ నగలూ ఉన్న పెట్టె కిటికీలోంచి లొరెంజోకి విసిరింది. జెనోవాలో ఒక్క రాత్రి ఎనభై డకట్లు ఖర్చు చేశారని, ఒక ఉంగరం ఇచ్చి కోతిని కొనుక్కున్నారని షైలాక్ స్నేహితుడు ట్యూబాల్ వచ్చి చెప్తాడు. అప్పటిదాకా డబ్బు డబ్బు అని అరుస్తున్న షైలాక్ ఆ మాటకి కుప్పకూలిపోతాడు. అది నా టర్కోయిస్ రాయి ఉంగరం, పెళ్ళికాక ముందు లియా నాకిచ్చింది, అడివి నిండా కోతులనిచ్చినా దాన్ని ఇచ్చేవాణ్ణి కాదు అంటాడు. చనిపోయిన భార్య పేరు ఆ నాటకం మొత్తంలో అతను ఎత్తేది ఆ ఒక్కసారే. ఇంకో పక్క పోర్షియా ఉంగరం కోసం అంత రభస! మీ అమ్మ నగల్లో ఏ వస్తువు వెనక ఏముందో నీకు తెలీదు, అమ్మకే తెలుసు. ముట్టుకోకు.

ఇక చట్టం దారి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద మీరిద్దరూ ఎవరి మతంలో వాళ్ళు ఉండి పెళ్ళి చేసుకోవచ్చు. అబ్బాయికి 21, నీకు 18 నిండాలి. మీలో ఒకరు కనీసం 30 రోజులుగా నివాసం ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసరుకి నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో 30 రోజులు అందరికీ కనపడేలా పెడతారు, తర్వాత ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. నోటీసు బోర్డు మీద చూసి ఎవరో ఇంట్లో చెప్పేస్తారని భయపడతావు, అది నిజమైన ఇబ్బందే, ముందే ఆలోచించుకో. కానీ వయసు చాలకపోవడం, ఇంకో భార్యో భర్తో ఉండటం లాంటి కారణాలకి తప్ప, మతం వేరనో మాకిష్టం లేదనో పెట్టిన అభ్యంతరం చెల్లదు. మేజరైన మనిషి ఎవర్ని పెళ్ళి చేసుకోవాలన్నది ఆ మనిషి నిర్ణయమని 2018లో కేరళ అమ్మాయి హాదియా పెళ్ళి కేసులో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఇది గుర్తుపెట్టుకుని, డిగ్రీ పూర్తి చెయ్యి, ఒక ఉద్యోగం చూసుకో. మీ నాన్నకి ఉత్తరం రాయి, ఎదురుగా చెప్పలేకపోతే. ఆయన కోప్పడొచ్చు, మాట్లాడ్డం మానెయ్యొచ్చు. అయినా కూతురు లేచిపోయిందన్న కబురు వేరేవాళ్ళ నోట వినడం కన్నా నీ చేతిరాతలో చదవడం ఆయనకి నయం. ఏమైందో నాకు రాయి. నీ ఊరు, పేరు ఎక్కడా రానివ్వను.

ప్రశ్న (ఒక తల్లి, గవర్నరుపేట, విజయవాడ): మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఈ నాటకం ఇప్పుడే చదివించొచ్చా, పెద్దయ్యాకా?

జవాబు: ఇప్పుడే చదివించండి, పక్కన మీరు కూర్చోండి. 2004లో అల్ పచీనో షైలాక్‌గా వేసిన సినిమా ఉంది, అది మాత్రం మీరు ముందు చూసి తర్వాత చూపించండి, కొన్ని సీన్లు ఆ వయసుకి కావు. చదివేటప్పుడు కోర్టు సీనులో అతన్ని పోర్షియా మాటలు చదవమనండి, షైలాక్ మాటలు మీరు చదవండి. మర్నాడు పాత్రలు మార్చుకుని మళ్ళీ చదవండి.